మార్క్ 4 అంబాసిడర్ మిస్ కొడుతోంది, హెడ్ దింపాలా?

గోదావరి_అంబీ (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. బండి 1984 మార్క్ 4, మా నాన్నగారిది. పెట్రోల్, 1489 సీసీ, ఎస్‌యూ కార్బ్యురేటర్, పాయింట్ల ఇగ్నిషనే (పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా ప్లగ్గులో స్పార్క్ వచ్చే పాత పద్ధతి). ఆదివారాలు బయటికి తీస్తాం, చుట్టాల పెళ్లిళ్లకి అడిగితే పంపిస్తాం.

కొన్నాళ్లుగా ఇంజన్ మిస్ కొడుతోంది, అంటే మధ్యమధ్యలో సిలిండర్లు మండకుండా తప్పుతున్నాయి. కొవ్వూరు వెళ్లే రోడ్ కం రైల్ బ్రిడ్జి మీద ఒకే స్పీడులో పోతుంటే బాగా తెలుస్తోంది. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగి వదులుతున్నట్టు జర్కులు. మధ్యమధ్యలో సైలెన్సర్లో టప్‌మని పేలుతోంది. స్టార్టింగ్‌కి ఇబ్బంది లేదు, పొద్దున చోక్ లాగితే వెంటనే అందుకుంటోంది.

ఇప్పటిదాకా మార్చినవి: ప్లగ్గులు, సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్లు, అవి మాడకుండా కాపాడే కండెన్సర్, రోటర్, క్యాప్, ప్లగ్ వైర్లు. కార్బ్యురేటర్ విప్పి కడిగించాం, పెట్రోల్ ఫిల్టర్ కొత్తది వేశాం. ఏమీ తేడా లేదు. ఇక వాల్వు కాలిపోయి ఉంటుంది, హెడ్ (ఇంజన్ పైభాగం) దింపుదాం అంటున్నాడు మెకానిక్. దింపించమంటారా? ఒకసారి విప్పితే మళ్లీ ఎప్పటికి కూడుతుందో అని టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్_శీను (విజయవాడ)

హెడ్ జోలికి పోకు తమ్ముడూ. కండెన్సరే. కొత్తది వేశాం అంటున్నావ్ చూడు, అక్కడే తిరకాసు. ఈమధ్య దొరికేవి కొన్ని డబ్బాలోంచే చచ్చి వస్తున్నాయి. పాతది పారేయకపోతే అదే మళ్లీ బిగించి చూడు. పాయింట్లు నల్లగా మాడుతున్నాయా? మాడితే ఖాయం.

ఇథనాల్_వద్దు (హైదరాబాద్)

కండెన్సర్ కాదు, పాయింట్లు కాదు, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్). ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత పెట్రోల్‌కి సెట్ చేసిన జెట్టుతో (పెట్రోల్ వచ్చే రంధ్రం) మిక్చర్ ఇప్పుడు లీన్ (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) అయిపోతుంది. లీన్ అయితే స్థిరమైన స్పీడులో ఇలాగే జర్క్ కొడుతుంది. ఎస్‌యూ కింద ఉన్న జెట్ నట్టుని కొంచెం కిందికి తిప్పించండి, రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అవుతుంది. పని అయిపోతుంది.

మార్క్2_మదనపల్లె

నేనైతే పాయింట్లే తీసి పారేశాను. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ డిస్ట్రిబ్యూటర్ (నాలుగు ప్లగ్గులకీ స్పార్క్ పంచే భాగం) లోపలే కూర్చుంటుంది, బయటికి తేడా కనపడదు. గ్యాప్ పెట్టే గోల లేదు, కండెన్సర్ గోల లేదు. పెట్టించేయండి బ్రదర్.

గోదావరి_అంబీ

శీనన్నా, పాయింట్లు చూశాను. బూడిద రంగులో శుభ్రంగానే ఉన్నాయి, మాడలేదు. గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజ్ పెట్టి నేనే చూశాను. పాత కండెన్సర్ దొరికింది, బిగించాం. అదే తంతు.

మాస్టారు_1489 (విశాఖపట్నం)

బాబూ, ఇప్పటికి ఎన్ని సామాన్లు మార్చారో చదివాను కానీ ఇంజన్ ఎప్పుడు మిస్ అవుతోందో సరిగా ఎక్కడా లేదు. ముందు ఇవి చెప్పండి.

ఐడ్లింగ్‌లో ఎలా ఉంది, నాలుగు సిలిండర్లూ సమంగా కొడుతున్నాయా? మిస్ కొడుతున్నప్పుడే పెడల్ పూర్తిగా తొక్కితే ఏమవుతోంది, పెరుగుతోందా పోతోందా? ఎత్తు ఎక్కేటప్పుడు ఎలా ఉంది? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా తేడా ఉందా? చివరిది, మిస్ కొడుతుండగా చోక్ కాస్త లాగి నడిపి చూశారా?

హెడ్ సంగతి తేల్చడానికి హెడ్ దింపక్కర్లేదు. కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్ ఎవరైనా నాలుగు ప్లగ్గులూ తీసి పావుగంటలో చెప్పేస్తాడు. పెడల్ పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టమనండి, లేకపోతే రీడింగ్ తక్కువ వస్తుంది.

గోదావరి_అంబీ

మాస్టారూ, ఇవాళ ఇదే పని మీద ఉన్నాను.

కంప్రెషన్ 125, 130, 125, 125 పీఎస్ఐ. ఐడ్లింగ్ చక్కగా ఉంది, బానెట్ మీద గ్లాసు పెట్టినా నీళ్లు తొణకవు. పెడల్ పూర్తిగా తొక్కితే ఆశ్చర్యంగా మిస్సింగ్ పోతోంది! బండి లాక్కుని వెళ్తోంది. కాలు తేలిక చేసి మళ్లీ అదే స్పీడులో నిలబెడితే వెంటనే మొదలు. ఎత్తులో గట్టిగా తొక్కుతాం కాబట్టి అక్కడ బాగానే ఎక్కుతోంది, దిగి సమంగా పోతుంటేనే ఇబ్బంది. వేడికీ చల్లకీ తేడా లేదు.

చోక్ కొంచెం లాగి నడిపాను. మిస్సింగ్ తగ్గలేదు, పైగా ఇంజన్ కాస్త బరువెక్కినట్టు అయింది.

ఆటోనగర్_శీను

ఫుల్లుగా తొక్కితే పోతోందా? అయితే కండెన్సర్ కాదులే. కండెన్సర్ చస్తే గట్టిగా తొక్కినప్పుడే ఎక్కువ ఏడుస్తుంది.

మాస్టారు_1489

శీను గారు సరిగ్గా పట్టుకున్నారు. నాకు తోచింది కాస్త వివరంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా ఉంటుంది.

స్పార్క్ బలహీనంగా ఉందనుకోండి. కాయిల్ కావచ్చు, ప్లగ్ వైరు కావచ్చు, క్యాప్‌లో పగులు కావచ్చు. పెడల్ ఎంత తొక్కితే సిలిండర్లోకి అంత ఎక్కువ మిక్చర్ వెళ్తుంది, కంప్రెషన్ అయ్యేసరికి ఒత్తిడి అంత పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు గ్యాపు దాటాలంటే ఎక్కువ ఓల్టేజి కావాలి. కాబట్టి బలహీనమైన స్పార్క్ బయటపడేది గట్టిగా తొక్కినప్పుడు. ఈ బండి గట్టిగా తొక్కినప్పుడే బాగుంది. కాబట్టి కాయిల్, వైర్లు, క్యాప్ అన్నీ పక్కన పెట్టొచ్చు.

పెట్రోల్ సరిగా అందట్లేదనుకోండి. పంపు నీరసించినా, ఫిల్టర్ మూసుకున్నా, ట్యాంకు మూత గాలి పీల్చకపోయినా, పెట్రోల్ ఎక్కువ కావాల్సిన చోటే ఆకలి తెలుస్తుంది. అది కూడా ఫుల్ త్రాటిల్‌లోనే. అదీ కాదు.

ఇన్‌టేక్ దగ్గర ఎక్కడో దొంగగాలి పీలుస్తోందనుకోండి. ఈ ఇంజన్‌కి హెడ్‌లో ఇన్‌టేక్ దారులు రెండే, ఒకటీ రెండూ సిలిండర్లకి ఒకటి, మూడూ నాలుగుకి ఒకటి. గ్యాస్కెట్ పక్క నుంచి గాలి దూరితే ఐడ్లింగ్‌లో ముందు తెలుస్తుంది, ఎందుకంటే అప్పుడు ఇంజన్ పీల్చే గాలే తక్కువ, దొంగగాలి వాటా ఎక్కువ. ఐడ్లింగ్‌లో నీళ్లు తొణకట్లేదు అంటున్నారు. కాలిన వాల్వు కూడా ఐడ్లింగ్‌లోనూ కంప్రెషన్ గేజ్‌లోనూ దొరికిపోతుంది. రెండు చోట్లా లేదు.

మరి ఐడ్లింగ్‌లో లేకుండా, ఫుల్ త్రాటిల్‌లో లేకుండా, కాలు తేలిగ్గా పెట్టి నడిపేటప్పుడు మాత్రమే ఉండేది ఏమిటి? నాకు తెలిసి రెండే. ఒకటి ఆ రేంజిలో మిక్చర్ లీన్ కావడం. రెండోది వాక్యూమ్ అడ్వాన్స్, అంటే ఇంజన్ పీల్పుతో స్పార్క్‌ని ముందుకు జరిపే ఏర్పాటు. మొదటిదానికి చోక్ పరీక్ష సమాధానం చెప్పేసింది. ఎస్‌యూలో చోక్ లాగితే జెట్టే కిందికి దిగుతుంది, మిక్చర్ చిక్కబడుతుంది. లీన్ వల్ల అయితే మిస్సింగ్ తగ్గి తీరాలి.

ఇథనాల్_వద్దు

మాస్టారి మీద గౌరవంతోనే అంటున్నాను, చోక్ ఎంత లాగారో ఎవరికి తెలుసు? కేబుల్ సాగిపోయి ఉంటే నాబ్ కదిలినా జెట్టు కదలదు.

గోదావరి_అంబీ

కదిలింది సార్. బానెట్ ఎత్తి మావాడితో నాబ్ లాగించి కిందినుంచి చూశాను, జెట్టు దిగుతోంది. కార్బ్యురేటర్ మీది డ్యాష్‌పాట్‌లో ఆయిల్ కూడా సరిపడా ఉంది, 20డబ్ల్యూ50 పోశాను. కార్బ్యురేటర్ పిస్టన్ ఎత్తి వదిలితే టక్‌మని కింద కూర్చుంటోంది. పిన్నుతో ఆ పిస్టన్‌ని కొంచెం ఎత్తి చూసే పరీక్ష కూడా చేశాను, స్పీడు క్షణం పెరిగి మళ్లీ మామూలయింది. అంటే మిక్చర్ సరిగ్గా ఉన్నట్టే కదా?

మాస్టారు_1489

అవును, సరిగ్గా ఉన్నట్టే. పెరిగి అలాగే ఉండిపోతే రిచ్, వెంటనే పడిపోతే లీన్.

లెస్టర్_ఎంజీబీ (యూకే)

ఆలస్యంగా చూశాను, క్షమించాలి. మాది నెల్లూరు, ఇక్కడ లెస్టర్లో స్థిరపడ్డాం. నా దగ్గర ఎంజీబీ ఉంది, 1798 సీసీ. మీ అంబాసిడర్ ఇంజనూ నా ఇంజనూ ఒకే బీఎంసీ బీ సిరీస్ కుటుంబం కాబట్టి తలదూరుస్తున్నా. మాస్టారు చెప్పిన రెండోదే. ఇక్కడ పాత బ్రిటిష్ కార్లవాళ్లకి ఇది బాగా అలవాటైన జబ్బు.

డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రటి క్యాప్సూల్ ఉంటుంది, దాంట్లోంచి సన్నటి పైపు కార్బ్యురేటర్‌కి వెళ్తుంది. పైపు కార్బ్యురేటర్లోకి కలిసే రంధ్రం త్రాటిల్ రేకు అంచు దగ్గర ఉంటుంది. ఐడ్లింగ్‌లో రేకు మూసి ఉంటుంది, రంధ్రానికి వాక్యూమ్ తగలదు. కొంచెం తెరిస్తే రంధ్రం లోపలివైపు పడుతుంది, వాక్యూమ్ గట్టిగా లాగుతుంది. పూర్తిగా తెరిస్తే మానిఫోల్డ్‌లో వాక్యూమే మిగలదు. మీ మిస్సింగ్ వచ్చేదీ పోయేదీ సరిగ్గా ఈ లెక్క ప్రకారమే, చూడండి.

క్యాప్సూల్ లాగినప్పుడల్లా డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు బిగించిన ప్లేటు తిరుగుతుంది. ఆ ప్లేటుతో పాటు రెండు వైర్లు వంగుతాయి. ఒకటి కాయిల్ నుంచి వచ్చి పాయింట్లకి కలిసే సన్న వైరు. రెండోది ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటర్ బాడీకి వెళ్లే ఎర్త్ వైరు, జడలా అల్లి ఉంటుంది. ఏళ్ల తరబడి వంగీ వంగీ లోపల రాగి పోగులు తెగిపోతాయి. పైన ఇన్సులేషన్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది, చూస్తే ఏమీ తెలియదు. ప్లేటు తిరిగినప్పుడు తెగిన పోగులు విడిపోతాయి, స్పార్క్ ఆగుతుంది. తిరిగి వచ్చినప్పుడు మళ్లీ తగులుకుంటాయి. మీరు మార్చిన సామాన్లలో ఈ రెండూ లేవు.

రెండు పరీక్షలు, పైసా ఖర్చు లేదు. ముందు పైపుని కార్బ్యురేటర్ దగ్గర ఊడదీయండి. కార్బ్యురేటర్ వైపు రంధ్రాన్ని మూసేయండి, లేకపోతే అక్కడ గాలి పీల్చి మిక్చర్ మారుతుంది. అలాగే బ్రిడ్జి మీదికి తీసుకెళ్లండి. తర్వాత ఇంటికొచ్చి ఇంజన్ ఐడ్లింగ్‌లో పెట్టి, ఊడదీసిన పైపు కొసని బాగా తుడిచి నోటితో గట్టిగా పీల్చండి. ఆరోగ్యంగా ఉన్న బండిలో స్పీడు కొంచెం పెరగాలి.

గోదావరి_అంబీ

లెస్టర్ గారూ, మీకు పూతరేకులు బాకీ!

పైపు ఊడదీసి రంధ్రం మూసి కొవ్వూరు వెళ్లొచ్చాను. ఒక్క జర్క్ లేదు. ఇంటికొచ్చి పైపు నోట్లో పెట్టుకుని పీలిస్తే ఇంజన్ రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోయింది. వదిలి స్టార్ట్ చేస్తే మామూలే. మళ్లీ పీలిస్తే మళ్లీ ఆగింది. మా ఆవిడ వచ్చి "కారుకి సెలైన్ ఎక్కిస్తున్నారా" అంది.

ఆటోనగర్_శీను

క్యాప్సూల్ పంక్చర్ అయిందేమో చూశావా? లోపల డయాఫ్రమ్ చిరిగితే?

మాస్టారు_1489

చిరిగితే పీల్చినా ప్లేటు కదలదు కాబట్టి ఇంజన్‌కి ఏమీ కాదు శీను గారూ. నోట్లోకి గాలి వస్తూనే ఉంటుంది. పీలిస్తే ఆగిపోతోందంటే ప్లేటు బాగానే తిరుగుతోందన్నమాట, తిరగ్గానే కరెంటు తెగుతోంది.

మార్క్2_మదనపల్లె

మరి ఆ పైపు అలాగే ఊడదీసి వదిలేస్తే సరిపోతుందిగా? బండి బాగానే నడుస్తోంది అంటున్నారు.

మాస్టారు_1489

నడుస్తుంది, పెట్రోల్ తాగుతుంది. తేలిగ్గా తొక్కినప్పుడు సిలిండర్లో మిక్చర్ పల్చగా ఉంటుంది, మెల్లగా మండుతుంది. అందుకని స్పార్క్ ముందుగా ఇవ్వాలి, ఆ పని చేసేదే వాక్యూమ్ అడ్వాన్స్. అది లేకపోతే మంట ఆలస్యంగా పూర్తవుతుంది, మైలేజి పడిపోతుంది. మన ఎండల్లో ఇంజన్ వేడి కూడా పెరుగుతుంది. పైగా ఆ తెగిన వైరు ఊరుకోదు, నాలుగు పోగులు మిగిలినవి కూడా తెగిన రోజు బండి నడిరోడ్డు మీద చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. అంబాసిడర్ని తోయడం మాటలు కాదు.

లెస్టర్_ఎంజీబీ

విప్పేముందు మల్టీమీటర్ ఉంటే ఒక కొలత తీసుకోండి. పాయింట్లు మూసుకుని ఉండేలా ఇంజన్ తిప్పి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. మీటర్ డీసీ ఓల్ట్‌లో పెట్టి ఒక ప్రోబ్ డిస్ట్రిబ్యూటర్‌కి వైరు కలిసే టెర్మినల్ మీద, ఇంకొకటి బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద పెట్టండి. 0.2 ఓల్ట్ లోపు ఉండాలి. అలాగే పెట్టి ప్లేటుని చేత్తో తిప్పండి, లేదా ఎవరినైనా పైపు పీల్చమనండి. రీడింగ్ గెంతితే దొంగ దొరికినట్టే. కొలత అయ్యాక ఇగ్నిషన్ ఆపేయడం మర్చిపోవద్దు, పాయింట్లు మూసి ఉండగా ఆన్‌లో వదిలేస్తే కాయిల్ కాలుతుంది.

గోదావరి_అంబీ

మామూలుగా 0.3 చూపించింది. మావాడు పైపు పీల్చగానే 12 దాకా ఎగిరింది, వదిలితే మళ్లీ కింద. క్యాప్, రోటర్ తీసి వైరు విప్పాను. పైకి కొత్తదానిలా ఉంది. రెండు కొసలూ పట్టుకుని లాగితే మధ్యలో రబ్బరులా సాగింది! లోపల రాగి లేదు అక్కడ. ఎర్త్ జడ కూడా సగం పైన తెగి ఉంది, స్క్రూ దగ్గర కొన్ని పోగుల మీద వేలాడుతోంది.

ఇప్పుడు ప్రశ్న. ఏ వైరు వెయ్యాలి? ఇక్కడ షాపులో డిస్ట్రిబ్యూటర్ మొత్తం కొనండి అంటున్నారు. మెకానిక్ ఏమో ఇంట్లో ఉన్న కరెంటు వైరు ముక్క వేసేద్దాం అంటున్నాడు.

ఆటోనగర్_శీను

ఇంటి కరెంటు వైరు అస్సలు వద్దు. లోపల పోగులు లావు, పైన పీవీసీ గట్టి. ప్లేటుని తిరగనివ్వదు, తిరిగినా త్వరలోనే మళ్లీ తెగుతుంది. మా దగ్గర పాతకాలం మేస్త్రీలు గుడ్డ చుట్టిన మెత్తటి వైరు వేసేవాళ్లు. ఇప్పుడు నేను చేసేది చెప్తా. మల్టీమీటర్ ప్రోబ్‌లకి సిలికాన్ వైరు వస్తుంది చూడు, మెత్తగా తాడులా ఉంటుంది. లోపల వెంట్రుకల్లాంటి పోగులు బోలెడు, వేడికి కరగదు. దాన్నే కోసి వాడు. లావు తక్కువ ఉన్నది చూసుకో, క్యాప్ కింద ఇరుక్కోకూడదు.

కొసలకి లగ్గులు క్రింప్ చెయ్యి. టంకం పెడితే వైర్లోకి పాకి అక్కడ పుల్లలా బిగుస్తుంది, ఆ అంచు దగ్గరే విరుగుతుంది. పాత వైరు కంటే కొంచెం పొడుగు ఉంచి వంపు తిప్పి పెట్టు. ప్లేటు ఇటు చివర నుంచి అటు చివర దాకా తిప్పి చూడు, ఎక్కడా లాక్కోకూడదు, కామ్‌కి రాసుకోకూడదు. ఎర్త్‌కి కూడా కొత్త జడ వెయ్యి, దాన్ని మర్చిపోతారు అందరూ.

మాస్టారు_1489

ఇంకొక మాట. పాయింట్ల పోస్ట్ మీద వైరు లగ్గూ, కండెన్సర్ లగ్గూ, పాయింట్ స్ప్రింగూ మూడూ ఒకదానికొకటి తగలాలి. పోస్ట్‌కి మాత్రం ఏదీ తగలకూడదు. మధ్యలో ప్లాస్టిక్ బుష్ ఉండేది అందుకే. తిరగేసి బిగిస్తే పాయింట్లు ఎప్పుడూ ఎర్త్ అయిపోయి అసలు స్పార్కే రాదు. విప్పేముందు ఫోన్లో ఫోటో తీసుకోవాల్సింది, తీసే ఉంటారు.

డిస్ట్రిబ్యూటర్ కింద క్లాంప్ బోల్టు ముట్టుకోకపోతే టైమింగ్ మళ్లీ చూడక్కర్లేదు. పాయింట్ల గ్యాపు మాత్రం చివర్లో ఇంకోసారి కొలవండి, గ్యాపు మారితే టైమింగ్ కూడా కొంచెం జరుగుతుంది. ప్లేటు అరిగి ఊగుతోందేమో కూడా చేత్తో కదిపి చూడండి. ఊగితే తిరిగినప్పుడల్లా గ్యాపు మారుతుంది, అప్పుడు ప్లేటు మార్చాలి.

గోదావరి_అంబీ

శీనన్న చెప్పిన సిలికాన్ వైరే వేశాం. ప్లేటు ఊగట్లేదు, ఒక చుక్క నూనె వేశాను. కొలిస్తే 0.1 ఓల్ట్, పైపు పీల్చినా కదలట్లేదు. ఐడ్లింగ్‌లో పీలిస్తే ఇప్పుడు స్పీడు పెరుగుతోంది, లెస్టర్ గారు చెప్పినట్టే. పైపు మళ్లీ తగిలించి దివాన్‌చెరువు దాటి హైవే మీద చాలాసేపు ఒకే స్పీడులో నడిపాను. మిస్సింగ్ లేదు, పేలుళ్లు లేవు. మెకానిక్ కూడా పక్కనే కూర్చుని వచ్చాడు, ఆ తెగిన వైరు ముక్క జేబులో వేసుకుని వెళ్లాడు.

మార్క్2_మదనపల్లె

నా కిట్ పెట్టించి ఉంటే మొదటి రోజే పోయేది ఇదంతా :)

మాస్టారు_1489

సగం పోయేది. కిట్ వేస్తే పాయింట్ల వైరు కొత్తది వస్తుంది, నిజమే. కానీ కిట్ కూడా అదే ప్లేటు మీద కూర్చుంటుంది. ఆ కిట్ ప్లేటు ద్వారానే ఎర్త్ తీసుకునే రకం అయితే తెగిన జడతో అదీ తిక్కతిక్కగా పనిచేసేది. అప్పుడు కిట్‌ని తిట్టుకునేవాళ్లం.

ఇథనాల్_వద్దు

వైరు తెగిందని ఒప్పుకుంటున్నాను. కానీ ఈ20 సంగతి వదలకండి. పాత రబ్బరు పైపులకి ఇథనాల్ పడదు, లోపలి పొర మెత్తబడి ఊడి వచ్చి ఫ్లోట్ చాంబర్‌లో చేరుతుంది. పంపు దగ్గర పైపు ఒకసారి వంచి చూడండి.

గోదావరి_అంబీ

చూశాను సార్. పంపు నుంచి కార్బ్యురేటర్ పైపు వేళ్లకి జిగురులా అంటుకుంటోంది, వంచితే పైన సన్నగా పగుళ్లు. ఇథనాల్‌కి తట్టుకునే రకం పైపు కోసం చెప్పి ఉంచాను. వచ్చేదాకా బండి తియ్యను, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనే ఉంది అది.

పాత_పద్మిని (వరంగల్)

ఈ చర్చ చదివి ధైర్యం వచ్చి అడుగుతున్నా. నాది ప్రీమియర్ పద్మిని, 1089 సీసీ, సోలెక్స్ కార్బ్యురేటర్. నాది కూడా మిస్ కొడుతోంది. నేను కూడా ఈ వైరు మార్చాలా?

నిర్వాహకుడు

పద్మిని గారూ, మీకు వేరే చర్చ తెరిచి ఈ ప్రశ్న అక్కడికి మారుస్తున్నాను. వివరాలు అక్కడ రాయండి.

మాస్టారు_1489

మార్చేలోపు ఒక్కటి రాసి పెట్టండి. మీ బండి ఐడ్లింగ్‌లో మిస్ అవుతోందా, తేలిగ్గా నడిపేటప్పుడా, గట్టిగా తొక్కినప్పుడా?

పాత_పద్మిని

గట్టిగా తొక్కితేనే సార్. మెల్లగా పోతే హాయిగా ఉంది.

మాస్టారు_1489

అయితే వైరు జోలికి వెళ్లకండి, మీ దారి వేరు. ముందు ట్యాంకు మూత వదులు చేసి ఒకసారి గట్టిగా నడిపి చూసి, కొత్త చర్చలో చెప్పండి.